మెడ మీది నంబరు

బదిలీ కాగితం వచ్చిన రోజు నిరోష అన్నం తినలేదు. తల నొస్తోందని చెప్పి గోడవైపు తిరిగి పడుకుంది. బసమ్మ అది నిజమే అనుకుని శొంఠి అరగదీసి కోడలి నుదుటికి పట్టు వేసింది.

మరునాడు తెల్లవారకముందే బసమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు తట్టడం మొదలుపెట్టింది. నారాయణఖేడ్ డిపో గేటు పక్కన ఆమె రొట్టెల గంప పెట్టుకుంటుంది. మొదటి బస్సు తీసే డ్రైవర్లు ఆ రొట్టె, మీద ఇంత పచ్చిమిర్చి తొక్కు తినే బండెక్కుతారు. నిరోష లేచి వచ్చి పొయ్యి పక్కన పీట మీద కూర్చుంది. పిండి ముద్ద చేసి ఇవ్వడానికి చెయ్యి చాపింది గాని ఇవ్వలేదు.

"అత్తా, నన్ను నాగల్‌గిద్ద దిక్కు ఏసిన్రు."

"ఏసిన్రంటే?"

"బదిలీ. అక్కడ ఉపకేంద్రంల నర్సు లేదంట. ఒకటో తారీకు పోయి చేరాలె."

బసమ్మ అరచేతుల మధ్య తిరుగుతున్న రొట్టె ఆగింది. "నాగల్‌గిద్ద దిక్కంటే మీ అమ్మోళ్ల దిక్కే గదా."

"వాళ్ల ఊరికి కూతవేటు దూరమే."

పెనం మీది రొట్టె నల్లగా మాడిపోయింది.

నిరోష ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాలుగేళ్లకే బసమ్మ కొడుకు సంగమేశ్ చనిపోయాడు. విషజ్వరం. ఇక్కడి దవాఖానలో లాభం లేదని అంబులెన్సులో హైదరాబాదు తీసుకుపోయారు. పోయేటప్పుడు అతను తల్లితో మాట్లాడింది తన మోటారు బండి గురించే. "అమ్మా, బండి ఎండకు పెట్టకు, సీటు పగుల్తది" అన్నాడు. అతను తిరిగి వచ్చినప్పుడు ఇక ఏ మాటా లేదు. పిల్లలు లేరు. పెద్ద దినం కాగానే నిరోష తల్లి శివమ్మ ఆటో మాట్లాడుకుని వచ్చి, బిడ్డ బట్టలు తానే సర్దింది. నిరోష ఆ సంచిలోంచి ఒక్కో చీరా తీసి మళ్లీ దండెం మీద వేసింది. "నా నౌకరి ఈడ ఉందమ్మా, నేను అత్త దగ్గరనే ఉంట" అంది.

ఎందుకు ఉండిపోయిందో బసమ్మకు ఈనాటికీ తెలియదు. అడగాలని చాలాసార్లు అనిపించింది. అడిగితే ఎక్కడ ఆలోచనలో పడుతుందోనని అడగలేదు.

ఇప్పుడు ఆలోచనలో పడేసే పని ప్రభుత్వమే చేసింది. ఆ దిక్కుకు బస్సు పొద్దున ఒకటి, మాపున ఒకటి. టీకాల రోజున నిరోష తిరగాల్సిన తండాలు ఆ బస్సు దారిలో లేనే లేవు. బండి ఉన్నవాళ్లు ఇంటి నుంచి పోయి వస్తారు, లేనివాళ్లు అక్కడే ఉంటారు. నిరోష అక్కడ ఉండాలంటే తల్లి ఇల్లు ఉంది. బసమ్మ గంప నెత్తిన పెట్టుకుని వియ్యపురాలి ఇంటికి పోయి ఉండలేదు కదా. ఆ మాట అననైనా అనలేదు. శివమ్మ ఊరుకునే మనిషి కూడా కాదు. కల్హేర్‌లో భార్య పోయినవాడొకడున్నాడని, కంది చేను ఉందని, పోయిన ఏడాదే ఫోనులో అంది. నిరోష నవ్వి ఫోను పెట్టేసింది. రోజూ ఒకే కంచం ముందు కూర్చుని చెబితే అంత తేలిగ్గా నవ్వగలదా?

రెండు రోజులు బసమ్మ గంప దగ్గర చిల్లర తప్పు ఇచ్చింది. మూడోనాటి సాయంత్రం ఇంటికి వస్తూనే, చెప్పులు విడవకుండానే అంది.

"బండి ఉంది గదనే."

నిరోష బియ్యంలో రాళ్లు ఏరుతోంది. "ఏం బండి?"

"మన బండి. సంగమేశ్‌ది. నీకు నడుప వస్తది గదా. ఈడికెళ్లి రోజూ పోయి రా."

నిరోష చాట పక్కన పెట్టి అత్త ముఖంలోకి చూసింది. ఆ బండి మీద ఎవరు చెయ్యి వేసినా బసమ్మ ఊరుకునేది కాదు. బేరానికి వచ్చినవాళ్లను గడప ఎక్కనిచ్చేది కాదు. పక్కింటివాళ్ల పిల్లి దాని మీద పడుకుందని ఆ ఇంటితో నెల రోజులు మాట మానేసింది.

"నిజంగనా అత్తా?"

"అబద్ధం ఎప్పుడు చెప్పిన్నే నీకు? జల్దీ చూడు ఏం జేయాల్నో."

నల్ల హీరో హోండా అది. పెళ్లికి ముందే సంగమేశ్ సొంత సంపాదనతో కొన్నాడు. అతను పోయినప్పటి నుంచి వెనక రేకుల షెడ్డులో, టార్పాలిన్ కింద ఉంది. వాళ్లది లింగాయతుల ఇల్లు. సోమవారం విభూతి పెట్టకుండా కొడుకును బసమ్మ ఏనాడూ గడప దాటనివ్వలేదు. అతను లేని మొదటి సోమవారం, తడిపిన విభూతి వేళ్ల మీద అలాగే ఉండిపోతే, పోయి బండికి పెట్టింది. లైటు గాజు మీద నిలవలేదు. ట్యాంకు నున్నగా ఉండి జారింది. హ్యాండిల్ కింద మెడలా ఉన్న లావాటి గొట్టం మీద మాత్రం మూడు గీతలూ చక్కగా కుదిరాయి. అప్పటి నుంచి ప్రతి సోమవారం అదే. పాత విభూతి గడ్డకట్టి మరక అయితే, ఇత్తడి చెంబును తోమినట్టు చింతపండుతో తోమి, కడిగి, కొత్తగా పెట్టేది. ఒక్క సోమవారం కూడా తప్పలేదు.

మెకానిక్ మొగులప్ప వచ్చి టార్పాలిన్ లాగాడు. సీటు కింద నుంచి ఎలుక ఒకటి దూకి పారిపోయింది.

"అవ్వా, నీ బండికి ఓనర్ ఉరికిండు చూడు," అన్నాడు మొగులప్ప.

"నోర్ముయ్‌రా. నడుస్తదా నడువదా చెప్పు."

"నడుస్తది. పెట్రోలు ట్యాంకు కడగాలె, టైర్లు మార్చాలె, బ్యాటరీ సచ్చింది. కానీ అవ్వా, గింత మంచిగ పెట్టినవు, మెడ కాడ ఏందిట్ల? చెదలు తిన్నట్టు తిన్నది తుప్పు."

"దేవునిది పెడ్త అక్కడ."

"దేవుడు తిన్నడన్నట్టు." మొగులప్ప పెద్దగా నవ్వాడు. బసమ్మ నవ్వలేదు గాని కోప్పడనూ లేదు. బండి నడుస్తుందన్న మాట ఆమెకు కడుపు నింపింది.

నాలుగో రోజు మాపున అది స్టార్ట్ అయింది. మొగులప్ప కిక్కు మీద కిక్కు కొట్టి చెమటలు కక్కుతుంటే మొదట పొగ వచ్చింది, తర్వాత దగ్గు, ఆ తర్వాత ఆ చప్పుడు. వంటింట్లో ఉన్న బసమ్మ అన్నం గిన్నె మూత తీసింది. ఆ చప్పుడు వింటే కొడుకు కోసం అన్నం వడ్డించడం ఆమెకు అలవాటు. చేతిలో గరిటె కూడా ఉంది.

నిరోష చీర కుచ్చిళ్లు దోపుకుని సందు చివరి దాకా నడిపి, తిప్పుకుని వచ్చింది. ఆమె ముఖంలో బసమ్మ ఎన్నాళ్లుగానో చూడని వెలుగు ఉంది. "క్లచ్చు గట్టిగుంది గని అత్తా, మంచిగ నడుస్తుంది. పొద్దున ఏడింటికి పోతే మాపున దీపాల యాళ్లకు ఇంట్ల ఉంట."

బసమ్మ ఆ రాత్రి కడుపు నిండా తిని పడుకుంది.

ఇక మిగిలినవి కాయితాలు. డిపో ఎదుట జిరాక్స్ దుకాణం నడిపే ధర్మేందర్ ఆర్టీవో పనులు కూడా చేసిపెడతాడు. బండి ఇంకా సంగమేశ్ పేరు మీదే ఉందని, పైగా పదిహేనేళ్ల గడువు దాటి రిజిస్ట్రేషన్ చెల్లకుండా పోయిందని అతను చెప్పాడు. చనిపోయినవాని పేరు మీద గడువు పెంచరట. ముందు బండి వారసుల పేరు మీదికి రావాలి, ఆ మీద గడువు పెరగాలి, ఆ మీద ఇన్సూరెన్సు. మరణ ధ్రువపత్రం, తహసీలు నుంచి వారసుల పత్రం తెచ్చుకున్నారు. బండి నిరోష పేరు మీదికి మారేందుకు చివరికి బసమ్మ ఒప్పుకోలు కాగితం ఒకటి అవసరమైంది.

ధర్మేందర్ కాగితం మీద వేలు పెట్టి, "ఈడ ఏలిముద్ర ఏస్తవా, సంతకం పెడ్తవా అవ్వా?" అన్నాడు.

"ఆగు, చదువని."

"చదువుతవా! ఏ బడికి పోయినవ్?"

"డిపోనే నా బడి. బస్సుల బోర్డులు చూసుకుంట నేర్చుకున్న. నీ లెక్క అప్పనంగ రాలే."

అతను నవ్వి కుర్చీ జరిపాడు. బసమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. సదరు వాహనంపై నాకు ఎటువంటి హక్కు లేదు, ఇకముందు ఉండబోదు అని ఉంది. ఆ వాక్యం దగ్గర వేలు ఆగిపోయింది. రాసినవాడికి సంగమేశ్ ఎవరో తెలియదు, తప్పు పట్టి లాభం లేదు. బసమ్మ సంతకం పెట్టింది. తన హక్కు పోతే కోడలు ఉంటుంది. ఆ బేరం ఆమెకు సమ్మతమే.

"ఇగ బండిని బ్రేకు ఇన్‌స్పెక్టర్‌కు చూపియ్యాలె," అన్నాడు ధర్మేందర్. "లైట్లు, హారను, బ్రేకు. పది నిమిషాల పని. కాయితాలన్ని సాఫ్ ఉన్నయ్, నువ్వు పరేషాన్ గాకు."

పరేషాన్ గాకు అని ఎవరైనా అంటేనే బసమ్మకు ఎక్కువ పరేషాన్ అవుతుంది. ముందురోజు మాపున మొగులప్పను పిలిచి బండిని ఇంకోసారి చూడమంది. పెద్ద ఆఫీసరు ముందుకు పోతోంది, చూడగానే మంచిగా కనిపించాలంది. మొగులప్ప మంచి మనసుతోనే డబ్బా తెచ్చి, తుప్పు పట్టిన చోటల్లా నల్ల రంగు కొట్టాడు. మెడ మీద రెండు పూతలు వేశాడు. బండి కొత్త పెళ్లికొడుకులా మెరిసింది.

రోడ్డు మీద నడపకూడదు కాబట్టి బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి, తాళ్లు కట్టి, చీకటితోనే జిల్లా కేంద్రానికి బయలుదేరారు. నిరోష, ధర్మేందర్ ముందు కూర్చున్నారు. బసమ్మ వెనక బండి పక్కనే, చక్రానికి చెయ్యి ఆనించి కూర్చుంది. "పడిపోదవ్వా, ముందుకు రా" అని డ్రైవర్ ఎంత చెప్పినా రాలేదు.

ఆర్టీవో ఆఫీసు వెనక మైదానంలో బండ్లు వరుసగా నిలబెట్టారు. బ్రేకు ఇన్‌స్పెక్టర్ నడివయసు మనిషి, ఎండకు తల మీద తువ్వాలు వేసుకున్నాడు. మాట మెత్తన. నిరోషను స్టార్ట్ చేయమన్నాడు. ఒక్క కిక్కుకే అందుకుంది. లైటు వెలిగింది. హారను మోగింది. మైదానం చుట్టూ ఒక చుట్టు నడిపి, చెప్పిన గీత దగ్గర ఆపింది.

"శాబాష్. మగోళ్లు కూడ గింత సక్కగ ఆపరు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "దవాఖానల చేస్తవామ్మా? మంచిది."

బసమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. అయిపోయింది అనుకుంది.

అప్పుడు ఆఫీసు మనిషి ఒకడు తెల్ల కాగితం ముక్క, పెన్సిలు పట్టుకుని వచ్చాడు. ఇంజను కింద ఒక చోట కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దితే, లోహం మీద కొట్టిన అంకెలు కాగితం మీదికి తెల్లగా లేచి వచ్చాయి. బసమ్మ ముచ్చటగా చూసింది. తర్వాత అతను హ్యాండిల్ ఒక పక్కకు తిప్పి, మెడ మీద కాగితం ఆనించాడు. రుద్దాడు. కాగితం నల్లబడింది, అంకె రాలేదు. ఇంకో కాగితం తీశాడు. అదీ అంతే.

"సార్, చాసిస్ నంబర్ పడ్తలేదు."

ఇన్‌స్పెక్టర్ వంగి చూసి, గోటితో గీకాడు. గోటికి నల్ల రంగు అంటింది. ఆయన ముఖంలోని మెత్తదనం కొంచెం తగ్గింది.

"ఈడ కొత్త రంగు ఎవరు కొట్టిన్రు?"

ధర్మేందర్ కాయితాల కట్ట చేతులు మార్చుకున్నాడు.

"మిగిలిన కాడ పైపైన కొట్టిన్రు. నంబరు కాడనే రెండు పూతలు ఎందుకు కొట్టిన్రంటున్న."

"సార్, మెకానిక్ తెలువక..." అని ధర్మేందర్ అందుకున్నాడు.

కిరోసిన్ గుడ్డ తెప్పించి రంగు తుడిపించారు. లోపల నంబరు లేదు. కందిపప్పు గింజలంత గుంటలు, ఎర్రటి పొరలు, అంతే. ఒక చివర సున్నానో ఎనిమిదో తెలియని సగం అంకె ఒకటి మిగిలింది.

బసమ్మ ముందుకు వచ్చింది. ఇన్నేళ్లు తన వేళ్లు తిరిగిన చోటు అది. అక్కడ రాత ఒకటి ఉందని ఆమెకు తెలియదు. బోర్డు మీద ఏ అక్షరం కనిపించినా ఆగి చదివే మనిషి, వారం వారం తన వేళ్ల కింద ఉన్నదాన్ని చూడనే లేదు. విభూతి ఎప్పుడూ దాని మీద ఉండేది మరి.

"సార్, రంగు మొగులప్ప కొట్టిండు. తుప్పు నాది," అంది.

"నీదంటే ఏందమ్మా?"

చెప్పింది. సోమవారాలు, తడి విభూతి, చింతపండు, అన్నీ చెప్పింది. బండ్ల వరుసలో నిలబడ్డ ఒకడు కిసుక్కున నవ్వాడు. ఇన్‌స్పెక్టర్ అతని వైపు చూడగానే నవ్వు ఆగిపోయింది.

"తప్పు చేసినవని అంటలేనమ్మా. కానీ ఒకటి విను. ముందుండే నంబరు ప్లేటు ఏ బండికైనా బిగించొచ్చు. బండి అసలు పేరు ఇది. ఇది లేకుంటే, ఇది నీ కొడుకు బండే అని నేనెట్ల రాయాలె?"

"నాకెరుక గద సార్."

"నీకెరుకైతే సాలదు."

"గట్లెట్లంటవ్?" బసమ్మ గొంతు పెరిగింది. "ఇగో ఈ సొట్ట చూడు. కల్హేర్ అంగట్ల ఎడ్లబండి తాకింది. ఈ అద్దం కాడి నట్టు సూడు, వేరే రంగుది. నా కళ్ల ముందే బిగించిండు. ఈ సీటు కుట్టు నేనే కుట్టిన, గోనెసంచి దబ్బలంతోని. ఇంకేం గావాలె?"

ఆయన ఓపికగా సొట్ట చూశాడు, నట్టు చూశాడు, కుట్టు కూడా చూశాడు. చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇంజన్ నంబర్ కలుస్తుంది గద సార్," అన్నాడు ధర్మేందర్.

"ఇంజన్లు మార్చుకుంటరయ్యా, నీకు తెలువంది ఏముంది. పైన రంగు కొట్టి ఉన్నది నేను పాస్ చేసిన్ననుకో, రేపు ఎవలన్న అడిగితే నేనేం చెప్పాలె?" ఆయన నిరోష వైపు తిరిగాడు. "దొంగబండి కాదని పోలీసుల నుంచి పత్రం గావాలె. కంపెనీ నుంచి పాత రికార్డు గావాలె. అవి పెట్టి దరఖాస్తు చేస్తే, పైనుంచి పర్మిషన్ వస్తే, కొత్త నంబరు కొట్టుకోనిస్తరు. చెయ్యరాదని కాదు."

"ఎన్ని రోజులైతది సార్?"

"నేను చెప్పలేనమ్మా. నెలలు పడ్తది. పాత బండి, వస్తదో రాదో కూడ చెప్పలేను. అప్పటిదాంక రోడ్డెక్కియ్యకున్రి."

కాగితం మీద రెండు లైన్లు రాసి, తర్వాతి బండి దగ్గరికి వెళ్లిపోయాడు. బసమ్మ ఆయన వెనకే నాలుగడుగులు వేసింది. ఏం అడగాలో తోచక ఆగిపోయింది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఆయన ఏ సందూ ఇవ్వలేదు.

వచ్చేటప్పుడు నిరోష కూడా వెనకే ఎక్కింది. ధర్మేందర్ ముందు కూర్చుని ఎవరితోనో ఫోనులో గట్టిగా మాట్లాడుతున్నాడు. బండి మధ్యలో, వీళ్లిద్దరూ చెరో పక్క.

"ఒక్కసారి తిట్టరాదే నన్ను," అంది బసమ్మ.

"ఏమని తిట్టాలె అత్తా? విభూతి పెట్టినవని తిట్టాలెనా?"

"పెట్టిన్నే గద. నా చేతులతోటే తినిపిచ్చిన దాన్ని."

నిరోష గాలికి ఎగురుతున్న జుట్టును చెవి వెనక్కి తోసుకుంది. కొంచెం సేపటికి బసమ్మ చక్రం మీదుగా వంగి, ఎవరైనా వింటారేమో అన్నట్టు మెల్లగా అంది.

"కాయితాలు లేకున్నా నడుపరాదా? సందుల పొంటి పో. పొద్దుగాల ఎవలుంటరు రోడ్డు మీద?"

"పోలీసోళ్లు ఉంటరు అత్తా. నంబరు గీకిన బండంటే దొంగబండే అంటరు. నాది కాంట్రాక్టు నౌకరి. కేసయిందంటే ఆ రోజే తీసేస్తరు." ఆగి, మళ్లీ అంది. "ఎవలికన్న తాకితే? ఇన్సూరెన్సు లేదు, ఏం లేదు. సూది మందిచ్చెటందుకు పోయి మనిషిని సంపితే ఎట్ల?"

ఆ పిల్ల ఎప్పుడూ అంతే, న్యాయంగానే మాట్లాడుతుంది. ఒక్కసారి అన్యాయంగా మాట్లాడితే బాగుండునని బసమ్మకు అనిపించింది.

"మరైతే?"

"అమ్మోళ్లింట్ల ఉంట. ఆదివారం ఆదివారం వస్త."

బసమ్మ తల ఊపింది. ఆమె జీవితంలో వెళ్లిపోయిన వాళ్లలో రానని చెప్పి వెళ్లినవాళ్లు ఎవరూ లేరు. తల్లి వస్తానంది. భర్త మల్లప్ప చెరకు కొట్టే పనికి పోతూ పండుగలోపు వస్తానన్నాడు. చెల్లెలు పెళ్లి చేసుకుని కర్ణాటకలోకి పోతూ నెలకోసారి వస్తానంది. వాళ్లెవరూ అబద్ధం చెప్పలేదు. అన్నప్పుడు అందరూ నిజంగానే అన్నారు.

ఉన్న కొద్ది రోజులూ ఊరికే కూర్చోలేదు. ధర్మేందర్ దరఖాస్తు రాసి ఇస్తే పోలీసు స్టేషనుకు తీసుకుపోయారు. కొన్నప్పటి బిల్లు తెమ్మన్నారు. బిల్లు ఇంట్లో ఎక్కడా దొరకలేదు. అమ్మిన దుకాణం ఎత్తేసి చాలా కాలమైంది, ఇప్పుడు అక్కడ బట్టల షాపు ఉంది. బసమ్మ పోయి ఆ బట్టల షాపువాణ్నే అడిగింది. అతను పాపం మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాడు, అంతకంటే ఏం చేయగలడు. మొగులప్ప ఒకనాడు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి, "నేను రంగు కొట్టకపోతే సారుకు అనుమానమన్న రాకపోతుండె అవ్వా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. బసమ్మే అతనికి చాయ్ పోసి ఓదార్చాల్సి వచ్చింది. రెండు సోమవారాలు వచ్చి పోయాయి. ఆమె షెడ్డు వైపు పోలేదు. బండికి విభూతి పెట్టడానికి చెయ్యి రాలేదు, పెట్టకుండా ఉండడానికి మనసు రాలేదు. ఆ రెండు పూటలూ గంప దగ్గరే చీకటి పడేదాకా కూర్చుంది.

నెలాఖరు మధ్యాహ్నం నిరోష అన్న శివశంకర్ వచ్చాడు. ట్రంకు పెట్టెను పొద్దుటి బస్సు మీద వేసి పంపారు. చేతి సంచి, మందుల పెట్టె, మనిషి మాత్రం మిగిలారు. శివశంకర్ వాకిట్లో బండి ఆపి, దిగకుండానే హారను కొట్టాడు.

"ఏం అత్తమ్మా, మంచిగున్నవా? జల్దీ తోలియ్యి, ఎండ దిగకముందే పోవాలె."

"నీళ్లన్న తాగు బిడ్డా," అంది బసమ్మ.

అతను నీళ్లు తాగుతుంటే ఆమె అతని బండి చుట్టూ తిరిగింది. మట్టి కొట్టుకుపోయిన బండి. ముందు ప్లేటు లేదు. వెనక ప్లేటు సగం విరిగి, మిగిలిన సగం మీద నందీశ్వరుని బొమ్మ అతికించి ఉంది. ఆమె వంగి మెడ కింద చూడబోయింది. అక్కడ ఉల్లిగడ్డల సంచి ఒకటి వేలాడుతోంది.

"ఏం జూస్తున్నవ్ అత్తమ్మా?"

"గీ బండికి కాయితాలున్నయా శంకరా?"

శివశంకర్ నోట్లో నీళ్లు పొలమారాయి. "కాయితాలా? ఏడియి? నేను మూడో చెయ్యి కొన్న దీన్ని. మొదట ఎవనిదో నాకే తెలువది. మా దిక్కు గవన్నీ ఎవలడుగుతరు?" అని విరగబడి నవ్వాడు.

"నవ్వకు అన్నా," అంది నిరోష.

అతను ఆగి, ఎందుకు నవ్వకూడదో అర్థం కాక చెల్లెలి వైపు, బసమ్మ వైపు చూశాడు. చెంబు అరుగు మీద పెట్టాడు.

నిరోష వంగి అత్త కాళ్లు మొక్కింది. లేచి ఏదో చెప్పబోయింది. ఆదివారం అనే మాట వస్తుందేమోనని బసమ్మ భయపడింది. ఆ మాట వినకూడదనుకుంది. అందుకే తానే ముందు మాట్లాడింది.

"సంచి ఒళ్లె వెట్టుకో, పక్కకు వేలాడదీయకు. చీర చక్రంల పడ్తది, దగ్గరికి మలుచుకో."

"మలుచుకున్న అత్తా."

"నెమ్మదిగ పో శంకరా. వెనక మనిషుంది."

"నేను నెమ్మదిగనే పోత అత్తమ్మా," అన్నాడు అతను, ఒక్క ఉదుటున క్లచ్చు వదిలేస్తూ.

బండి ఎగిరి దూకింది. నిరోష ఒక చేత్తో అన్న భుజం పట్టుకుని, ఒక చేత్తో సంచి పట్టుకుని, వెనక్కి తిరిగి చూసే వీలు లేక ముఖం మాత్రం పక్కకు తిప్పింది. సందు మలుపులో నీలం చీర కొస కనిపించింది. తర్వాత అదీ లేదు.

చప్పుడు మాత్రం ఇంకా వినిపిస్తోంది. బసమ్మ అరుగు అంచున నిలబడి వింది. అది పెద్ద రోడ్డు ఎక్కి, అక్కడ పోయే బండ్లన్నిటి చప్పుళ్లలో కలిసింది. ఏది వాళ్లదో కాసేపు తెలిసింది, ఆ తర్వాత తెలియలేదు. తెలియకపోయినా ఆమె వింటూనే ఉంది.